‘ఎంత వచ్చాయి?’ అని అడగక ముందు: సంఘంలో టీనేజ్ పిల్లలతో పనిచేసే అన్నలకు, అక్కలకు

ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరం బయట చెప్పులు వేసుకునే చోట ఒక పది నిమిషాలు ఊరికే నిలబడి వినండి. పదహారేళ్ల పిల్లవాడు వచ్చి "వందనాలు అంకుల్" అంటాడు. "వందనాలు నాన్నా, ఇంటర్ కదా, ఎంత వచ్చాయి?" అంటారాయన. తర్వాత ఇంకొకరు, "ఏంటీమధ్య యూత్ మీటింగుకి కనబడటం లేదు?" ఆ వెనకే ఒక ఆంటీ, "కీబోర్డు బాగా వాయించావు, మావాడికి కూడా కాస్త నేర్పొచ్చుగా." ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురికీ వాడంటే ఇష్టమే. కానీ పది నిమిషాల్లో వాడు మూడు లెక్కలు అప్పజెప్పాడు: మార్కులు, హాజరు, కీబోర్డు. ఎలా ఉన్నావురా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ ప్రశ్నలు నేనూ చాలా ఏళ్లు అడిగాను. ఒక అబ్బాయి నన్ను దూరం నుంచి చూసి పక్క గేటులోంచి వెళ్లిపోవడం మొదలుపెట్టాక గానీ నాకు అర్థం కాలేదు. మన పిల్లలకు పెద్దల దగ్గర దొరికే ఆదరణ ఊరికే దొరకదని చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఇంట్లో అది మార్కులతో వస్తుంది, కాలేజీలో ర్యాంకుతో, సంఘంలో భక్తితో. నన్నడిగితే ఈ మూడోదే ఎక్కువ బరువు, ఎందుకంటే అమ్మ కోప్పడితే అమ్మ ఒక్కతే కోప్పడినట్టు, సంఘం ముఖం తిప్పుకుంటే దేవుడే ముఖం తిప్పుకున్నట్టు అనిపిస్తుంది పిల్లలకి.

మత్తయి సువార్త 3వ అధ్యాయం చివర, యొర్దాను నదిలో యేసు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఏం జరిగిందో ఒకసారి చూడండి. అప్పటికి యేసు ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క రోగిని బాగు చేయలేదు, ఒక్క శిష్యుణ్ణి పిలవలేదు, నజరేతులో ఉండి వచ్చాడంతే. అప్పుడే తండ్రి ఆయన్ని ప్రియ కుమారుడు అన్నాడు, ఆయనయందు ఆనందిస్తున్నానన్నాడు. ముందు ఆ మాట, తర్వాత పరిచర్య. మనం దీన్ని తిరగేసి నడుపుతున్నాం. యాభై, వంద మంది ఉండే మామూలు సంఘంలో, చేతిలో డబ్బులేమీ లేకుండానే దాన్ని మళ్లీ సరైన వరసలోకి ఎలా తేవాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

1. ముందు మీ నోటిని గమనించుకోండి

రెండు వారాలు చాలు. ఫోన్లో నోట్స్ తెరిచి, పిల్లలతో మీరు అన్న మొదటి మాట ఏంటో రాసుకోండి. మందిరంలోనే కాదు, వాట్సాప్‌లో కూడా. నేను రాసుకున్నప్పుడు దాదాపు అన్నీ రెండే రకాలు: ఏదో ఒక పని చెప్పడం, లేదా ఏదో ఒక లెక్క అడగడం. "రేపు కుర్చీలు వేయాలి, ఐదింటికి రా." "కంఠత వాక్యం వచ్చిందా?" ఇలాంటివి.

తర్వాత మొదటి ప్రశ్న మార్చండి. "ఈ వారం నిద్ర సరిపోయిందా?" "హాస్టల్లో ఇప్పుడు నీ పక్క మంచం ఎవరిది?" "మీ తాతయ్యకి జ్వరం అన్నావు, తగ్గిందా?" పోయినసారి వాళ్లు చెప్పింది గుర్తుపెట్టుకుని అడిగే ప్రశ్న కంటే మంచి ప్రశ్న నాకింతవరకు దొరకలేదు, అందుకే ఆ నోట్స్ రెండు వారాల తర్వాత కూడా ఉంచుకోండి. మొదట్లో వాళ్లు "బానే ఉన్నా అన్నా" అని తప్పించుకుంటారు. వెంటపడకండి. వచ్చేవారం మళ్లీ అడగండి.

2. ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా, ఎవరు వాడి నుంచి ఏం కోరుకుంటున్నారో రాయండి

ఒక కాగితం మీద పేర్లన్నీ రాయండి, పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వరకు. ప్రతి పేరు పక్కన: ఇంట్లో వీడు ఏం కావాలనుకుంటున్నారు, సంఘంలో వీడిని ఎందుకు మెచ్చుకుంటున్నాం, వీడు ఏది ఆపేస్తే మనం గొడవ చేస్తాం.

రాస్తుంటే కొందరి దగ్గర కలం ఆగిపోతుంది. కాపరిగారి పిల్లలు, ఉదాహరణకి. వాళ్లు ఏ చొక్కా వేసుకున్నా, ఎవరితో నవ్వినా "పాస్టర్ గారి అబ్బాయి అయ్యుండి" అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఇంటి పని, తమ్ముడి చదువు, నాయనమ్మ మందులు అన్నీ చూసుకుంటూ ఒక్క ఆదివారం కూడా మానని అమ్మాయి ఇంకొకతె. అందరూ ఆమెను "బంగారు తల్లి" అంటారు, అంతటితో ఆమెను ఏమీ అడగడం మానేస్తారు. లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథలోని పెద్ద కొడుకు గుర్తున్నాడా? ఇన్నేళ్ల నుంచి సేవ చేశాను, ఒక్క ఆజ్ఞ మీరలేదు, స్నేహితులతో సంతోషపడటానికి ఒక మేకపిల్లయినా ఇవ్వలేదంటాడు. తండ్రి ఇంట్లోనే ఉండి కూలివాడిలా లెక్క కట్టుకున్నాడు. మన యూత్‌లో బాగా నడుచుకునే పిల్లల్లో ఆ పెద్ద కొడుకు చాలామందిలో ఉన్నాడు, వాళ్లు మనకి ఇబ్బంది పెట్టరు కాబట్టి మనకి కనబడరు.

చివరిగా, ఆ కాగితంలో లేని పేరు ఏదో చూడండి. సమూయేలు ప్రవక్త కొత్త రాజును అభిషేకించడానికి బేత్లెహేముకి వెళ్లినప్పుడు యెష్షయి ఏడుగురు కొడుకుల్ని వరసగా నడిపించాడు గానీ ఎనిమిదోవాడు దావీదు గొర్రెల దగ్గరున్న సంగతి అడిగేదాకా చెప్పలేదు. సొంత తండ్రే లెక్కలోకి తీసుకోలేదు. ఆ పిల్లవాడు వచ్చేదాకా భోజనానికి కూర్చునేది లేదని సమూయేలు పట్టుబట్టాడు. బైకు మెకానిక్ దగ్గర పనికి చేరినవాడు, టెన్త్ తర్వాత చదువు ఆపేసినవాడు, పొట్ట చేతబట్టుకుని హైదరాబాదు వెళ్లినవాడు, వీళ్ల పేర్లు యూత్ రిజిస్టర్ నుంచి ఎప్పుడు పోయాయో మనకే తెలియదు. కాగితం మీద వాళ్లని మొదట రాయండి.

3. ఫలితాల నెలను ముందే సిద్ధం చేసుకోండి

ఇది ఎక్కువ చెప్పాల్సిన విషయం. ఏప్రిల్ వస్తే కూడలిలో కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి, 470కి 467 వచ్చిన పిల్లల ఫొటోలతో. ఆ వెంటనే వచ్చే ఆదివారం మనం మందిరంలో మరో ఫ్లెక్సీ కడతాం, కంటికి కనబడదంతే: మంచి మార్కులు వచ్చినవాళ్లని ముందుకి పిలిచి, చప్పట్లు కొట్టి, కృతజ్ఞతార్పణ ఇప్పించి, సాక్ష్యం చెప్పిస్తాం. "దేవుడు నన్ను సిగ్గుపడనియ్యలేదు" అంటుంది అమ్మాయి, నిజంగా సంతోషంతోనే. వెనక వరసలో తప్పిన పిల్లవాడు ఆ వాక్యాన్ని ఎలా వింటాడో ఆలోచించండి. నన్ను సిగ్గుపడనిచ్చాడన్నమాట, అని వింటాడు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులున్నాయని తర్వాత బయటపడింది; ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని చూపించారు, సరిచూస్తే 99. కాగితం మీది అంకె తప్పై ఉండొచ్చు, ఒప్పై ఉండొచ్చు, దాని మీద పిల్లల విలువ నిలబెట్టకూడదు అని చెప్పాల్సింది మనమే కదా, మనం కూడా చప్పట్లే కొడుతుంటే ఇంకెవరు చెబుతారు?

అందుకని ఇలా చేయండి. ఫలితాలు రాకముందే, పరీక్షలు అయిపోయిన ఆదివారమే, రాసినవాళ్లందరినీ పిలిచి ఒకేసారి ప్రార్థన చేసి కృతజ్ఞతలు చెప్పమని కాపరిగారిని అడగండి. ఏ ర్యాంకూ తెలియదు కాబట్టి అందరూ ఒకే వరసలో నిలబడతారు. ఫలితాల తర్వాత వేదిక మీద అంకెలు చదవొద్దని సంఘపెద్దలతో ముందే మాట్లాడుకోండి. ఒక్కసారికి ఒప్పుకోరు. "పిల్లల్ని ప్రోత్సహించొద్దా?" అంటారు. ప్రోత్సహించాలి, ఇంటికి వెళ్లి, ఒక్కొక్కరినీ, మిఠాయి పెట్టి. తప్పిన పిల్లల తల్లిదండ్రులు కూడా అదే చాప మీద కూర్చుని ఉంటారని గుర్తుచేయండి, చాలామంది పెద్దలకి ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది.

ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మీరు ఇంట్లో ఉండకండి. తప్పినవాళ్ల ఇంటికి, అనుకున్నదానికంటే బాగా తక్కువ వచ్చినవాళ్ల ఇంటికి మొదట వెళ్లండి. 92 శాతం వచ్చి ఏడుస్తున్న పిల్లని "నీకేం తక్కువే" అనకండి, ఆమెకి ఇంట్లో 97 అడిగి ఉంటారు. వెళ్లినప్పుడు బైబిల్ తెరవడానికి తొందరపడకండి. "దేవుడికి ఇంకా మంచి ప్రణాళిక ఉంది" అనే మాట నిజమే అయినా ఆ సాయంత్రానికి కాదు. టీ తాగండి, వాళ్ల నాన్న అరుస్తుంటే ఆయనతో కాసేపు బయట నడవండి, పిల్లవాడితో "రేపు కూడా వస్తా" అని చెప్పి నిజంగా వెళ్లండి.

తర్వాత చేతికి పనికొచ్చే సాయం. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఏడుపులో, అవమానంలో చాలా ఇళ్లలో ఆ తేదీ దాటిపోతుంది. ఆ తేదీలు మీరు రాసుకోండి, ఫీజుకి డబ్బు లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి ఎవరికీ చెప్పకుండా కట్టేయండి, తప్పిన సబ్జెక్టు చెప్పగల డిగ్రీ పిల్లల్ని మీ యూత్‌లోనే వెతకండి.

పిల్లవాడు తిండి మానేసినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" లాంటి మాట అన్నా, సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఒక పెద్దకి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి, ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని అనుకోకండి.

4. సంఘంలో పనిని కూలిగా మార్చకండి

కీబోర్డు వాయించే పిల్లవాడు పరీక్షల్లో రెండు నెలలు మానితే, ఆ సీటులో ఇంకొకరిని కూర్చోబెట్టి వాడిని మర్చిపోవడం మనకి అలవాటు. వాడు తిరిగొచ్చి వెనక నిలబడతాడు, తర్వాత అదీ మానేస్తాడు. పరీక్షలకి ముందే మీరే వెళ్లి "ఈ రెండు నెలలు రాకపోయినా పర్లేదు, ఊరికే వచ్చి కూర్చో చాలు" అని చెప్పండి. ఏ పనీ చేయకుండా మందిరంలో కూర్చునే హక్కు వాడికుందని వాడికి తెలియాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పిల్లలు పెద్దల మెప్పు మాత్రమే కోరుకోరు, పెద్దవాళ్లుగా గుర్తింపు కూడా కోరుకుంటారు, అందులో తప్పేం లేదు. యౌవనాన్ని బట్టి నిన్నెవరూ చిన్నచూపు చూడకుండా చూసుకో అని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 4:12), మన యూత్ బ్యానర్ల మీద ఆ వాక్యం ఉంటుంది, కానీ మన కమిటీలో పద్దెనిమిదేళ్లవాడు ఒక్కడూ ఉండడు. కుర్చీలు మోయడానికి, క్రిస్మస్ స్టార్ కట్టడానికి, లైవ్ పెట్టడానికి పిలుస్తాం. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో మాట్లాడేటప్పుడు పిలవం. ఒక నిజమైన పని ఇవ్వండి: వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) చిరుతిళ్ల బడ్జెట్ మొత్తం ఇద్దరు పిల్లల చేతికి. రెండువందలు తేడా వస్తే వాళ్లతో కూర్చుని లెక్క చూడండి, కమిటీ ముందు పెట్టకండి.

5. బాప్తిస్మం, సాక్ష్యం, కన్నీళ్లు: వీటిని లెక్కపెట్టకండి

యూత్ క్యాంపు చివరి రాత్రి, లైట్లు తగ్గించి పాట పాడుతుంటే నలభై మంది ముందుకి వస్తారు. అందులో దేవుని పని లేదని నేననను, నా జీవితం కూడా అలాంటి రాత్రే మలుపు తిరిగింది. కానీ అందులో కొందరు అన్న చూస్తున్నాడని వస్తారు. పక్కింటి అమ్మాయి తీసుకుంది, నువ్వెప్పుడు అని ఇంట్లో అడుగుతున్నారని బాప్తిస్మానికి పేరు ఇస్తారు. పేరు ఇచ్చిన ప్రతి పిల్లవాడితో విడిగా ఒక అరగంట కూర్చోండి, ఇలా అడగండి: "నువ్వు ఇప్పుడు తీసుకోకపోతే ఎవరు బాధపడతారు?" జవాబులో అమ్మ పేరో, మీ పేరో వస్తే ఆగండి. "ఆగుదాం, నువ్వు సిద్ధమయ్యాక చెప్పు, ఈలోగా నిన్ను చూసే చూపులో నాకేం తేడా ఉండదు" అనండి. ఇంట్లో వాళ్లతో ఆ విషయం మీరే మాట్లాడండి, ఆ భారం పిల్లవాడి మీద పెట్టకండి.

ఇంకో విషయం, చాలామంది ఇన్‌స్టాలో రెండు అకౌంట్లు పెట్టుకుంటారు, ఒకదాంట్లో వాక్యాలు, ఇంకోదాంట్లో తాము. రెండోది దొరికినప్పుడు మనం వేషధారణ అని తిడతాం. మనముందు ఒక్క ముఖమే చెల్లుతుందని వాళ్లకి నేర్పింది మనం కూడా. రెండో అకౌంట్ చూశానని ఎవరైనా మీకు స్క్రీన్‌షాట్ పంపితే దాన్ని గ్రూపులో తిప్పకండి, కాపరిగారి దగ్గరికి పరుగెత్తకండి, ఆ పిల్లతోనే మాట్లాడండి. తప్పు ఉంటే తప్పే అని చెప్పండి. ఆ మాట చెప్పిన తర్వాతి ఆదివారం ఆమె పక్కన వెళ్లి కూర్చోండి.

సందేహాలకి కూడా ఇదే. "దేవుడు ఉన్నాడో లేదో నాకు తెలియట్లేదు అన్నా" అని పదిహేడేళ్లవాడు అన్నాడంటే, వాడు మిమ్మల్ని ఎంత నమ్మాడో చూడండి ముందు.

6. తల్లిదండ్రులతో, వాళ్లకి శత్రువులుగా కాకుండా

ఇక్కడ యూత్ లీడర్లు తొందరపడతారు. పిల్లల బాధ విన్నాక అమ్మానాన్నల మీద కోపం వస్తుంది. ఆ కోపంతో వాళ్లింటికి వెళ్లొద్దు.

మన సంఘాల్లో చాలా కుటుంబాల కథ ఏంటో గుర్తు తెచ్చుకోండి. ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, కరువు ఏళ్లలో, ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. ఊరిబడి గడప తొక్కనివ్వని కాలంలో మిషన్ బడి వాళ్ల పిల్లలకి తలుపు తెరిచింది. తాత కూలికి వెళ్లాడు, నాన్న అటెండరో, ఆటో డ్రైవరో, గల్ఫ్‌లో మేస్త్రీయో అయ్యాడు, కొడుకు ఇంజినీరు కావాలి. ఆ ఇంట్లో చదువంటే తల ఎత్తుకుని నడవడం, దాన్ని అత్యాశ అని కొట్టిపారేయకండి. ఆ నాన్న భయం నిజమైనది. ఆ భయం పిల్లవాడి భుజాన ఎంత బరువుగా పడుతోందో ఆయనకి కనబడటం లేదు, అంతే.

కాబట్టి ఉపదేశంతో మొదలుపెట్టకండి. "అంకుల్, మీరు టెన్త్ రాసినప్పుడు ఎలా ఉండేది?" అని అడిగి వినండి. చాలామంది నాన్నలు ఒకసారి తప్పినవాళ్లే, ఆ సంగతి కొడుక్కి ఎప్పుడూ చెప్పి ఉండరు. చెప్పమని బతిమాలండి. ఒక నాన్న భోజనం దగ్గర లెక్కల్లో రెండుసార్లు తప్పిన సంగతి చెప్పాక, ఆ ఇంట్లో అబ్బాయి నాకు ఫోన్ చేసి "నాన్న కూడా అన్నా!" అన్నాడు. తండ్రులు పిల్లల మనసు కుంగిపోయేలా కోపం రేపొద్దని కొలొస్సయులకు 3:21 చెబుతోంది. ఆ వాక్యాన్ని ఆయన మీదికి విసరకుండా, ఆయనతో కలిసి చదవండి.

7. కొన్ని కచ్చితమైన హద్దులు

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి అన్నా" అంటే ఒట్టెయ్యకండి. "నీకు ప్రమాదం లేనంతవరకు చెప్పను" అనండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దౌర్జన్యం జరిగిందని తెలిస్తే, లేదా జరగొచ్చని అనుమానం ఉన్నా, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయాల్సిందే. చేసినవాడు సంఘంలో పెద్దమనిషైనా సరే. సంఘం పరువు కోసం లోపల సర్దేయడం నేరం, పాపం కూడా. 1098 పిల్లల హెల్ప్‌లైన్ నంబరు మీ గోడ మీద అంటించండి. పిల్లలతో మాట్లాడేది నలుగురికీ కనబడే చోట, తలుపు తీసి ఉంచి. రాత్రి పదకొండుకి చాటింగ్ వద్దు, అమ్మాయిలతో అక్కలు మాట్లాడటం మేలు. పెద్దల ఆదరణ కోసం ఆకలితో ఉన్న పిల్లల్ని వాడుకోవడం చాలా సులువు, అందుకే ఈ హద్దులు మన మీద మనమే పెట్టుకోవాలి.

8. మీరు ఒక్కరే చాలరు

యూత్ పరిచర్యలో ఉన్నవాళ్లు చెప్పుకునే లెక్క ఒకటుంది: ఒక్కో పిల్లవాడికి, అమ్మానాన్న కాక, తనని పేరుతో ఎరిగిన పెద్దలు ఐదుగురు ఉండాలి. మీ కాగితం తీసి ఇంకో గడి గీయండి. అందులో ఐదు పేర్లు నింపడానికి ప్రయత్నించండి. చాలామంది పిల్లల దగ్గర మీ పేరొక్కటే వస్తుంది, కొందరి దగ్గర అదీ రాదు.

దీనికి కార్యక్రమం, ప్రారంభోత్సవం పెట్టకండి. ట్రైనింగు కూడా అక్కర్లేదు. సంఘంలో తీర్పు తీర్చని మనుషులు కొందరుంటారు, వాళ్లని వెతికి ఒక్కొక్కరికీ ఒక్క పేరు ఇవ్వండి, "ఈ అబ్బాయి కోసం ప్రార్థన చేయండి, కనబడితే పలకరించండి, మార్కులు మాత్రం అడగొద్దు" అని చెప్పి. పక్క గేటులోంచి వెళ్లిపోయేవాడని చెప్పానే, ఆ అబ్బాయిని తిరిగి లోపలికి తెచ్చింది నేను కాదు. మూడో వరసలో గోడ పక్కన కూర్చునే ఒక మామ్మగారు. ఇంటర్ అంటే ఏంటో ఆవిడకి తెలియదు. ప్రతి ఆదివారం "ఏం తిన్నావు పొద్దున?" అని అడిగేవారు, సంచిలోంచి ఒక అరటిపండు తీసి చేతిలో పెట్టేవారు. అలాంటి మామ్మగారు మీ సంఘంలో ఏ వరసలో కూర్చుంటారో చూసుకుని, వచ్చే ఆదివారం ఆవిడకి మీ కాగితంలో మొదటి పేరు చెప్పండి.